ఆగిన తేరు, ఆగని పండుగ: క్యోటో నగరపు గియోన్ ఉత్సవం



ఈసారి మేము రాయబోయేది మన పండుగ గురించి కాదు, జపాను దేశపు పండుగ గురించి. "జపానుకూ మనకూ ఏం సంబంధమండీ?" అని అడిగేవాళ్ళు మన గుంపులో తప్పకుండా ఉంటారు. సంబంధం ఉంది. ఒకటి ఆ పండుగ పేరులో ఉంది, ఇంకొకటి ఆ రథాలకు కట్టే బట్టల్లో ఉంది. ఓపికగా చదువుతూ పోతే మూడోది మీకే తోస్తుంది. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్ళం. మాటల్లో అక్కడక్కడ ఆ వాసన తగిలితే మీకు కొత్త కాదు, మీ ఇళ్ళలోనూ అదే వాసన.

పండుగ పేరు గియోన్ మత్సురి. మత్సురి అంటే ఉత్సవం. జరిగేది క్యోటో నగరంలో, యాసాకా అనే గుడి తరఫున. జూలై 1న మొదలై 31 దాకా నెలంతా ఏదో ఒక కార్యం నడుస్తూనే ఉంటుంది. 17వ తేదీన ఒకసారి, 24వ తేదీన మరొకసారి పెద్ద తేర్లు ఊరేగుతాయి. రెండు రోజులూ కలిపి మొత్తం 34 తేర్లు. మన తిరువారూరు తేరు చూసినవాళ్ళకు తేరంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, ఒక్కొక్క వీధికి ఒక్కొక్కటిగా అలాంటి తేర్లు 34 అనుకోండి.

జ్వరాల కాలంలో పుట్టిన పండుగ

క్యోటో 794లో జపానుకు రాజధాని అయింది. అప్పటి పేరు హేయాన్-క్యో. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం, పక్కన కామో నది. జనం కిక్కిరిసి ఉన్న ఊరు. జూన్, జూలైలలో వానలు, వరద, వెంటనే ఉక్క. నీళ్ళు చెడేవి, జ్వరాలు, విరేచనాలు పట్టుకునేవి. ప్రతి వేసవిలో చావులే చావులు.

అప్పటి జనం దీనికి ఒక కారణం చెప్పుకున్నారు. రాజకీయాల్లో అన్యాయానికి బలైపోయినవాళ్ళ ఆత్మలు కోపంతో తిరుగుతున్నాయని, రోగాలు తెచ్చేది అవేనని. అందులో అందరికీ తెలిసిన పేరు సవారా యువరాజుది. చక్రవర్తికి స్వయానా తమ్ముడు. 785లో ఒక పెద్ద అధికారి హత్య జరిగితే ఆ నేరంలో ఈయన పేరు చేర్చి దేశం వెళ్ళగొట్టారు. అన్నం మానేసి దారిలోనే ప్రాణం వదిలాడు. ఆ తరువాత రాజకుటుంబంలో చావులు, దేశంలో రోగాలు వస్తే అందరి వేళ్ళూ ఆ పాపం వైపే చూపించాయి. 863లో రాజాస్థానమే ముందుకు వచ్చి షిన్‌సెన్-ఎన్ అనే రాజోద్యానంలో ఆ ఆత్మలకు శాంతి చేయించింది. మామూలు రోజుల్లో రాజులకే పరిమితమైన ఆ తోట తలుపులు ఆ రోజు సామాన్య జనానికి తెరిచారు. పాటలు, ఆటలు, కుస్తీలు కూడా పెట్టారు. కోపంగా ఉన్నవాళ్ళను తిట్టి పంపలేదు, సంతోషపెట్టి పంపారు. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

869లో మళ్ళీ పెద్ద మహమ్మారి. అదే ఏడాది జపాను ఈశాన్య తీరంలో భూకంపం, సముద్రపు ఉప్పెన కూడా వచ్చాయి. 2011 ఉప్పెన తరువాత అక్కడి శాస్త్రజ్ఞులు పోల్చి చూసింది ఆ 869 నాటి ఉప్పెనతోనే. ఆ ఏడాది అదే తోటలో 66 ఈటెలు నిలబెట్టారు. అప్పట్లో జపానులో 66 రాష్ట్రాలు, రాష్ట్రానికి ఒక ఈటె. దేశంలోని చెడునంతా ఆ ఈటెల మీదికి ఆకర్షించి తోలేయాలని ఉద్దేశం. దేవుణ్ణి పల్లకిలో తెచ్చి పూజించారు. గియోన్ ఉత్సవానికి పుట్టుక అదే అని చెప్తారు. 970 నుంచి అది ఏటా జరిగే కార్యమైంది.

ఆడి మాసంలో మారియమ్మకు అంబలి పోసి, గుమ్మానికి వేపాకు కట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. జపానువాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారని గాని, మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నామని గాని మేము అనడం లేదు. మందు లేని కాలంలో, వేసవి పోయి వానలు దిగే వేళ, మనిషి ఎక్కడున్నా అదే భయం భయపడ్డాడు, అలాగే దణ్ణం పెట్టుకున్నాడు.

పేరులో ఉన్నది మన శ్రావస్తి

ఇప్పుడు పేరు సంగతి. బుద్ధుడు ఎక్కువ వానకాలాలు గడిపిన చోటు శ్రావస్తి దగ్గర జేతవనం. నేటి ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ఆ తోట జేతుడనే రాకుమారుడిది. అనాథపిండికుడు అనే వర్తకుడు బుద్ధుడి కోసం దాన్ని కొనబోతే, నేలంతా బంగారు నాణేలు పరిస్తే ఇస్తానన్నాడట రాకుమారుడు. వర్తకుడు బండ్లతో నాణేలు తోలించి నిజంగానే పరిపించాడు. మన పాఠాల్లో ఎక్కడో చదివిన కథే.

జేతవనం అనే మాట చైనా అక్షరాల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి జపానుకు చేరి "గియోన్" అయింది. "గి" అంటే జేతుడు, "ఓన్" అంటే తోట. క్యోటో గుడిలోని దేవుడు గోజు తెన్నో, అంటే ఎద్దు తల గల దేవరాజు. ఆ జేతవనానికి కావలి దేవుడు ఆయనే అని అక్కడివాళ్ళు నమ్మారు. రోగాలు తెచ్చేదీ ఆయనే, తీసుకుపోయేదీ ఆయనే. అందుకే గుడి పేరు గియోన్ గుడి, పండుగ పేరు గియోన్ పండుగ.

1868లో మెయిజీ ప్రభుత్వం బౌద్ధాన్ని, షింతోను విడదీసింది. బౌద్ధపు వాసన ఉన్న దేవుళ్ళ పేర్లు షింతో గుళ్ళలో ఉండకూడదన్నారు. గోజు తెన్నో పేరు తీసేసి సుసనోవో అనే జపాను దేవుడి పేరు నిలబెట్టారు. గియోన్ గుడి యాసాకా గుడి అయింది. కానీ జనం నోట్లో పండుగ మాత్రం గియోన్ పండుగగానే ఉండిపోయింది. ప్రభుత్వం బోర్డు మార్చగలదు, నోరు మార్చలేదు. రాష్ట్రాలు మారినా, స్టేషన్ పేర్లు మారినా ఇళ్ళలో పాత పేర్లే పలికే మనకు ఇది వేరే చెప్పాలా?

బీదవాడి ఇల్లు, గుమ్మానికి కట్టే ఆకు

ఈ పండుగలో ప్రతి ఇంటి గుమ్మానికీ ఒక ఆకు కట్ట వేలాడదీస్తారు. పేరు చిమకి. సన్న వెదురు ఆకులను పొట్లంగా చుట్టి కట్టింది. చిమకి అనే పేరుతో తినే పదార్థం కూడా ఉంది గాని, ఇది తినేది కాదు. దీనికి ఒక చీటీ అంటించి ఉంటుంది. "సోమిన్ షోరాయ్ సంతతివాళ్ళం మేము" అని దాని భావం.

సోమిన్ షోరాయ్ ఎవరంటే, ఒక బీదవాడు. అతడి అన్నో తమ్ముడో కోతన్ షోరాయ్ బాగా ఉన్నవాడు. ఒక దేవుడు బాటసారి వేషంలో వచ్చి రాత్రికి చోటడిగాడు. ఉన్నవాడు లేదన్నాడు. లేనివాడు రమ్మన్నాడు. చిరుధాన్యపు గడ్డి పరిచి కూర్చోబెట్టి, చిరుధాన్యపు అన్నం పెట్టాడు. ఏళ్ళ తరువాత దేవుడు మళ్ళీ వచ్చి, గడ్డితో ఉంగరంలా చుట్టి నడుముకు కట్టుకోమన్నాడు. ఆ రాత్రి మహమ్మారి వచ్చి మిగతా అందరినీ తీసుకుపోయింది, ఆ ఇంటివాళ్ళు మిగిలారు. "ఇకముందు రోగం వచ్చినప్పుడు సోమిన్ సంతతివాళ్ళమని చెప్పండి, మిమ్మల్ని ముట్టను" అన్నాడట.

నెల చివరి రోజు జూలై 31న గడ్డితో కట్టిన పెద్ద చక్రంలోంచి జనం దూరి పోవడంతో పండుగ ముగుస్తుంది. ఆ గడ్డి చక్రం ఈ కథలోదే.

ఆలోచించండి. లక్షల జనం ఉన్న ఊరు. అందులో కోటీశ్వరులున్నారు, పాత వర్తక కుటుంబాలున్నాయి. అందరూ గుమ్మానికి కట్టుకునేది "మేము ఆ బీదవాడి వంశం" అని. ఉన్నవాడి వంశమని చెప్పుకునేవాడు ఒక్కడూ లేడు. ఊరుగాని ఊరు వచ్చి చోటడిగిన మన తాత ముత్తాతలకు ఎవరో ఒకరు వాకిలి తెరవబట్టే మనం ఇవాళ ఇక్కడున్నాం. అందుకే ఈ కథ మాకు బాగా నచ్చింది.

తేరు, తాడు, వెదురు

ఇక తేర్ల సంగతి. వీటిని యమబోకో అంటారు. యమ అంటే కొండ, హోకో అంటే ఈటె. మొదట నిలబెట్టిన ఆ 66 ఈటెల వంశమే ఈ హోకోలు. పెద్ద హోకో నేల నుంచి కొనదాకా సుమారు 25 మీటర్లు, బరువు 12 టన్నుల దాకా. చక్రం సుమారు 2 మీటర్లు. లాగేవాళ్ళు 40, 50 మంది. లోపల పై అంతస్తులో గంటలు, వేణువులు, డోళ్ళు వాయిస్తూ కూర్చుంటారు. ఆ మోతను అక్కడి పిల్లలు "కొన్-చికి-చిన్" అని పలుకుతారు.

ఇంత పెద్ద కట్టడానికి మేకు కొట్టరు. చెక్కలన్నీ గడ్డి తాళ్ళతోనే కడతారు. జూలై 10 ప్రాంతంలో పని మొదలవుతుంది. తాడు కట్టేవాళ్ళు వేరు, వడ్రంగులు వేరు, చక్రాలవాళ్ళు వేరు. చట్రాన్ని పక్కకు పడుకోబెట్టి పొడవాటి కొయ్యను బిగించి, అందరూ తాళ్ళతో లాగి లేపి నిలబెడతారు. మేకు కొట్టి బిగిస్తే నడకలో కదిలే బరువుకు చెక్క చీలుతుంది. తాడైతే కాస్త సాగుతుంది, మళ్ళీ బిగుస్తుంది. ఊరేగింపు అయిన వెంటనే, అదే రోజు విప్పేయడం మొదలుపెడతారు. వీధుల్లోని చెడునంతా తేరు తన మీదికి తీసుకుంది గనుక దాన్ని అలా నిలబెట్టి ఉంచకూడదట. తేర్లు ముందు వెళ్ళి వీధి శుభ్రం చేస్తాయి, ఆ సాయంత్రం దేవుడి మూడు పల్లకీలు ఆ ఊళ్ళోకి దిగుతాయి. అంటే మనం నోళ్ళు తెరుచుకుని చూసే తేర్లు అసలు స్వామి కావు, స్వామి రాకముందు వీధి ఊడ్చే చీపుళ్ళు!

ఈ తేర్లకు పక్కకు తిరిగే చక్రాలు లేవు, స్టీరింగు లేదు. మూల మలుపులో ఏం చేస్తారు? రోడ్డు మీద చీల్చిన వెదురు బద్దలు పరుస్తారు. నీళ్ళు చల్లుతారు. చక్రాలు ఆ తడి వెదురు మీదికి ఎక్కించి, పక్క నుంచి తాళ్ళు కట్టి, ముందు నిలబడ్డ ఇద్దరు విసనకర్రలు ఊపి కేక వేయగానే అందరూ ఒక్కసారిగా లాగుతారు. కొంచెం జారుతుంది. మళ్ళీ సర్ది మళ్ళీ లాగుతారు. మూడు నాలుగు లాగుళ్ళలో 12 టన్నుల తేరు మలుపు తిరుగుతుంది. మన తేర్లకు చక్రం కింద చెక్క పెట్టి దారి మళ్ళిస్తారు చూడండి, తమిళంలో ముట్టుక్కట్టై అంటారు. పనికి అడ్డం పడేవాణ్ణి తిట్టడానికి అదే మాట వాడతాం. కానీ తేరును గోడకు గుద్దుకోకుండా తిప్పేది అదే. మన కమిటీలో ప్రతిదానికీ ప్రశ్న అడిగే పెద్దలను విసుక్కునేవాళ్ళు ఇది కాస్త గమనించాలి.

నాలుగు దశాబ్దాలు రైల్వేలో రిజిస్టర్లు రాసినవాళ్ళం గనుక మాకు బాగా ఆసక్తి కలిగించింది ఇంకో సంగతి. 34 బండ్లు ఒకే దారిలో నడవాలి, ఏది ముందు, ఏది వెనక? పూర్వం దీని మీద వీధుల మధ్య గొడవలయ్యేవి. 1500 సంవత్సరంలో చీట్లు వేయడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ జూలై 2న నగర మేయరు ఎదుట చీట్లు తీస్తారు. ఊరేగింపు నడిచేటప్పుడు దారిలో ఒక చోట మేయరు సంప్రదాయ వేషంలో కూర్చుని, ఒక్కొక్క తేరువాళ్ళు పెట్టెలోంచి చూపించే చీటీని సరిచూసి ముందుకు పంపుతాడు. పాత రోజుల్లో టోకెన్ చూడనిదే బండి బ్లాకులోకి పోదు, ఇదీ అలాగే. కొన్ని తేర్లకు మాత్రం చీటీ లేదు, వాటి స్థానం శాశ్వతం. అందరికన్నా ముందు ఎప్పుడూ నగినత హోకో. దాని మీద ఒక చిన్న పిల్లవాడు, చిగో అంటారు, దేవుడి ప్రతినిధిగా కూర్చుని, వీధికి అడ్డం కట్టిన పవిత్రమైన తాడును కత్తితో తెంపితేనే ఊరేగింపు కదులుతుంది. ఆ రోజు ఆ పిల్లవాడి కాలు నేలకు తగలకూడదు, భుజం మీద మోసుకెళ్ళి ఎక్కిస్తారు.

తేరుకు కట్టిన దక్కను తివాచీ

ఈ తేర్లను నడుపుతున్న మ్యూజియంలు అంటారు. నాలుగు వైపులా వేలాడే బట్టలే దానికి కారణం. క్యోటో నడిబొడ్డున ఉన్న ఆ వీధులు పట్టుబట్టల వర్తకుల వీధులు. ప్రతి వీధికీ తమ తేరే గొప్పగా ఉండాలన్న పంతం. చైనా జరీ, కొరియా బట్ట, ఐరోపా తెరలు, ఏది దొరికితే అది కొన్నారు. ఒక తేరు మీద 16వ శతాబ్దపు ఐరోపా నేత తెర ఉంది. అందులో బొమ్మ బైబిల్ పాత నిబంధనలోది, రిబ్కా నీళ్ళు పోసే ఘట్టం. క్రైస్తవం మీద నిషేధం ఉన్న కాలంలో కూడా ఆ తెర ఉత్సవంలో వేలాడింది. ఇంకో తేరు మీద బెల్జియంలో నేసిన తెర, గ్రీకుల ట్రాయ్ యుద్ధ కథలోని బొమ్మ.

మన దేశపు బట్టలూ ఉన్నాయి. త్సుకి హోకో అనే చంద్రుడి తేరు ముందు భాగానికి 17వ శతాబ్దపు భారతీయ తివాచీ. మినమి-కన్నోన్ తేరువాళ్ళ దగ్గర 1684 నాటి భారతీయ అద్దకం బట్ట. పువ్వులూ తీగెలూ అద్దిన మన బట్టలను జపానువాళ్ళు సరసా అంటారు, తరతరాలుగా దాచుకుంటారు.

వీటిలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒక తివాచీల గుంపు. గియోన్ తేర్ల మీద ఉన్న కొన్ని ఉన్ని తివాచీలు పారశీకపు నమూనాలో ఉన్నా, నేత తీరు వేరు. వీటిని పరిశీలించిన నిపుణులు దక్కను నేతగా గుర్తించారు. తివాచీ ప్రపంచంలో వాటికి "క్యోటో గుంపు" అనే పేరే వచ్చింది. దక్కను తివాచీలు అంత పాతవి, అంత బాగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. నేసిన దేశంలో చిరిగిపోయాయి, కొన్న దేశంలో బతికాయి.

గూడ్సు గుమాస్తా చూపుతో ఈ సరుకు దారి చూడండి. 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం. దాని వెనకనున్న ఏలూరు అప్పటికే తివాచీ నేతకు పేరు మోసింది, పారశీకం నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళ వల్ల ఆ పని అక్కడ పాదుకుంది. డచ్చివాళ్ళ కంపెనీ మచిలీపట్నంలోనూ, మన పళవేర్కాడులోనూ గిడ్డంగులు పెట్టింది. పళవేర్కాడు కోట 1613 నాటిది. ఇక్కడి సరుకు ఓడ ఎక్కి బటావియా, అంటే నేటి జకార్తా, చేరేది. అక్కడ బండి మారి నాగసాకి. 1641 నుంచి జపానులో ఐరోపావాళ్ళకు తెరిచి ఉన్న వాకిలి ఒక్కటే, నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవి. అక్కడ ఉండనిచ్చింది డచ్చివాళ్ళను మాత్రమే. దెజిమా నుంచి క్యోటో వర్తకుల చేతికి. అంటే బుకింగ్ కోరమాండల్, ట్రాన్స్‌షిప్‌మెంట్ బటావియా, డెలివరీ క్యోటో. నేసినవాడికి చిరునామా తెలియదు, తొడిగినవాడికి పుట్టిల్లు తెలియదు. అయినా సరుకు చేరింది, మూడు వందల ఏళ్ళుగా జూలైలో ఊరేగుతోంది.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఇంకో ముక్క. ఈ తీరం నుంచి వెళ్ళిన చారల నూలుబట్టకు జపాను భాషలో పేరు "సంతోమె". అది మన మైలాపూరు పక్కనున్న శాంథోమ్ పేరే.

ఎన్నిసార్లు ఆగింది, ఎలా లేచింది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. వెయ్యేళ్ళకు పైబడిన పండుగ అంటే అడ్డంకి లేకుండా సాగిందనుకుంటాం. కాదు. ఆగుతూ లేస్తూ వచ్చింది.

1467లో ఓనిన్ యుద్ధం మొదలై పదేళ్ళు నడిచింది. క్యోటో బూడిదైంది. అంతకు ముందు 50కి పైగా ఉన్న తేర్లు పోయాయి. 33 ఏళ్ళు ఊరేగింపు లేదు. 1500లో లేపినవాళ్ళు ముఖ్యంగా ఆ వీధుల వర్తకులు, చేతిపనివాళ్ళు. 1533లో ఇంకో పరీక్ష. పెద్ద మఠం ఒత్తిడితో గుడి కార్యాలు ఆపమని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. అప్పుడు ఆ వీధుల జనం వెళ్ళి, గుడి కార్యం లేకపోయినా సరే, తేర్లు మాత్రం నడపనివ్వండి అని అడిగారు. ఆ రోజు నుంచి ఆ పండుగ రాజుదీ కాదు, పూజారిదీ కాదు, వీధిలో ఉన్నవాడిది అని తేలిపోయింది.

1708లో, 1788లో, 1864లో మూడు మహా అగ్నిప్రమాదాలు. ప్రతిసారీ తేర్లు కాలాయి, ప్రతిసారీ మళ్ళీ కట్టారు. డబ్బెక్కడిది? తేరు ఉన్న వీధికి తేరు లేని కొన్ని వీధులను జతచేసి, అవి చందా ఇచ్చే ఏర్పాటు ఉండేది. మెయిజీ కాలపు మొదటి ఏళ్ళలో అది రద్దయింది. అప్పుడు 1875లో సేయ్‌సేయ్ కోషా అనే సంఘం పెట్టి ఊరందరి చందాతో నడిపారు. సంఘం, చందా, రసీదు. మనకు తెలిసిన పనే.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి 1946 దాకా ఊరేగింపు లేదు. 1947లో నగినత హోకో ఒక్కటే కొద్ది దూరం నడిచింది. అదే మళ్ళీ ఆరంభం. 1962లో ఆపింది యుద్ధమూ కాదు, రోగమూ కాదు, రైలు! హన్‌క్యూ కంపెనీ షిజో వీధి కింద సొరంగ మార్గం తవ్వుతున్నందున ఆ ఏడాది తేర్లు నడవలేదు. మరుసటి ఏడాది కింద రైలు, పైన తేరు, రెండూ నడిచాయి. ఇప్పుడు ఆ దారిలో ట్రాఫిక్ సిగ్నల్ దీపాలను పక్కకు మడిచేటట్టు అమర్చారు. తేరు వచ్చే రోజు సిగ్నలే తలవంచి దారి ఇస్తుంది. రైల్వే మనిషికి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది.

1966లో రద్దీ పేరు చెప్పి రెండు ఊరేగింపులను కలిపి ఒకటే చేశారు. 24వ తేదీ ఊరేగింపు పోయింది. 48 ఏళ్ళ తరువాత 2014లో మళ్ళీ విడదీసి పాత పద్ధతిలో పెట్టారు. సౌకర్యం కోసం తీసేసినదాన్ని అర్ధ శతాబ్దం తరువాతైనా తిరిగి తెచ్చుకోవచ్చని చూపించారు.

2020లో కరోనా. రోగం పోవాలని పుట్టిన పండుగను రోగమే ఆపింది. తేర్లు కట్టలేదు. కానీ 17వ తేదీన ఒక్కొక్క తేరు తరఫున ప్రతినిధులు పవిత్రమైన సకాకి కొమ్మలు పట్టుకుని ఆ దారిలో నడిచి వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చారు. 2021లో ఊరేగింపు లేకపోయినా, దాదాపు సగం తేర్లను కట్టి విప్పారు. ఎందుకు? తాడు ముడి చేతికి మరచిపోకుండా ఉండడానికి. పుస్తకంలో రాసి పెట్టుకుంటే చాలదు, రెండు మూడేళ్ళు చేతికి పని లేకపోతే ముడి పోతుంది.

సెలవులో ఉన్న తేరు

మా మనసులో నిలిచిపోయింది తక యమ అనే తేరు కథ. డేగ తేరు అని అర్థం. 1826లో గాలివానకు దెబ్బతిని, మరుసటి ఏడాది నుంచి ఊరేగింపులో లేదు. 1864 అగ్నిలో తేరే కాలిపోయింది. దాని మీద ఉండే మూడు బొమ్మలు మిగిలాయి. ఆ వీధివాళ్ళు మన తేరు అయిపోయిందని ఎప్పుడూ అనలేదు. దాన్ని "యసుమి యమ" అన్నారు. సెలవులో ఉన్న తేరు అని అర్థం. ప్రతి జూలైలో ఆ మూడు బొమ్మలను బయటికి తీసి అలంకరించి, చిమకీ కట్టి, దీపం పెట్టారు. ఇలా ఎన్నేళ్ళు? 2022 దాకా, అంటే 196 ఏళ్ళు. ఆ ఏడాది జూలై 24న కొత్తగా కట్టిన తక యమ మళ్ళీ వీధిలో నడిచింది. తేరును చూసిన మనిషి ఎవడూ బతికి లేడు, చూసినవాడిని చూసినవాడు కూడా లేడు. మిగిలింది "సెలవులో ఉంది" అన్న ఒక్క మాట. అంతకు ముందు 2014లో ఓఫునె హోకో అనే ఓడ తేరు కూడా అలాగే 150 ఏళ్ళ తరువాత తిరిగి వచ్చింది. హోతెయ్ యమ అనే తేరు ఇంకా సెలవులోనే ఉంది.

ఈ తేర్లన్నీ లాగుతున్నది ఆ వీధిలో పుట్టినవాళ్ళేనా అంటే, కాదు. నడిబొడ్డున నేల ధర పెరిగి ఇళ్ళు పోయి ఆఫీసులు వచ్చాయి. పాత కుటుంబాలు ఊరి అంచులకు వెళ్ళిపోయాయి. ఆ వీధులవాళ్ళు ప్రతి తేరుకూ ఒక సంరక్షణ సంఘం పెట్టుకున్నారు. తాడు లాగడానికి కాలేజీ పిల్లలను, బయటి ఊళ్ళవాళ్ళను, విదేశీయులను కూడా పిలుస్తున్నారు. కొత్త అపార్టుమెంట్లలో చేరినవాళ్ళను చేర్చుకుంటున్నారు. ఆడవాళ్ళు తేరు ఎక్కకూడదన్న నియమం చాలా కాలం ఉండేది. 2001 నుంచి వాద్యం వాయించడానికి వాళ్ళనూ అనుమతించిన తేర్లు ఉన్నాయి, ఇంకా అనుమతించనివీ ఉన్నాయి. అక్కడ కూడా వాదం నడుస్తూనే ఉంది. వాదం ఉన్నదంటే పండుగకు ప్రాణం ఉన్నదనే.

మన మాట

ఇక మనకు వస్తాం. మన సంఘం సమావేశాల్లో ఈ మధ్య వినిపిస్తున్న మాట అందరికీ తెలుసు. పిల్లలు బెంగళూరు, అమెరికా వెళ్ళిపోయారు. ఉగాదికి వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చిన పిల్లలకు తెలుగు చదవడం రాదు. పంచాంగ శ్రవణం ఎవరికి అర్థమవుతుంది? హాలు అద్దె పెరిగింది. ఇక ఆపేద్దాం అని కొందరు, మన కులంవాళ్ళకు, మన వీధివాళ్ళకు మాత్రమే చేసుకుందాం అని కొందరు. ఇద్దరి బాధా నిజమే. ఖర్చు లెక్కలు మేము కాదనలేం, లెక్కలు రాసి బతికినవాళ్ళం.

కానీ మేము అడిగేది ఒకటే. ఆపవలసి వస్తే ఆపుదాం, అయిపోయింది అని మాత్రం మినిట్స్‌లో రాయవద్దు. సెలవులో ఉంది అని రాద్దాం. హాలు దొరకని ఏడాది ఎవరి ఇంట్లోనైనా పదిమంది కూర్చుని ఉగాది పచ్చడి కలుపుదాం. తెలుగు అక్షరం రాని పిల్లకు తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చి తెలుగు పాట పాడిద్దాం. మేము మొదట అలాగే పాడాం, మీలో చాలామంది అలాగే పాడారు. పచ్చడి కలిపే చేయి, పాట పాడే నోరు, ముగ్గు వేసే వేళ్ళు, ఇవీ తాడు ముళ్ళే. రెండు మూడేళ్ళు వదిలేస్తే పోతాయి. పక్కింటి తమిళ పిల్లవాడు డోలు వాయిస్తానంటే రానిద్దాం. క్యోటో తేరు మీద మన దక్కను తివాచీ ఉన్నందువల్ల ఆ తేరు పరాయిది కాలేదు, ఇంకా అందంగా అయింది.

ఎందుకు ఇంత పట్టుదల అంటారా? ఏలూరు వైపునో, మరో దక్కను ఊళ్ళోనో మగ్గం దగ్గర కూర్చుని ఆ తివాచీ ముడి వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అతడి మనవలు ఏ భాష మాట్లాడుతున్నారో తెలియదు. కానీ అతడు వేసిన ముడి ఊడలేదు. మనమూ అంతే. పేరు నిలవకపోయినా పరవాలేదు, ముడి గట్టిగా వేసి పోదాం.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఉగాది విషయం చర్చకు వస్తుంది. వచ్చేవాళ్ళు ఇది ఒకసారి చదివి రావాలని, రాలేనివాళ్ళు ఇక్కడే కింద అభిప్రాయం రాయాలని కోరుతున్నాం. తెలుగు టైపు రాకపోతే తమిళంలో రాయండి, మేము చదువుకుంటాం.

అందరికీ ఆరోగ్యం కలగాలి.